బెణికిన కాలు - సవరించు చేయి
(జంగ్లీఘాట్‌లో వార్షికోత్సవ సభయందు చేసిన ఉపన్యాసపాఠము)



అండమాను దీవులలో ఏటేట కురియు వర్షము సుమారు 3,000 మిల్లీమీటర్లు. వైశాఖము ముగియకమునుపే ఆరంభమైన వాన మార్గశిరము వరకు విడువదు. అందుచేత ఈ పట్టణమున ఆటస్థలము పూర్తిగా ఎండుట అరుదు. నేల ఎండలేదని ఆట మాత్రము ఆగుట లేదు. జంగ్లీఘాట్ పిల్లలు బురదలోనే ఫుట్‌బాల్ ఆడుదురు, తడిసిన నేలమీదనే కబడ్డీ కూత పెట్టుదురు. రేవు దరిని కాపురముండు మత్స్యకార కుటుంబములు శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వచ్చినవి. ఆ యింటి పురుషులు నాచుపట్టిన మెట్లమీద చేపలబుట్టలు మోయుచు, పడవ అంచున నిలిచి వల లాగుచు జారిపడుట సామాన్యము. ఆటలో బెణికిన చీలమండకును, రేవులో బెణికిన చీలమండకును శరీరము దృష్టిలో భేదము లేదు. ఆటగానికి పతకము పోవును, వేటగానికి ఆనాటి కూలి పోవును. రెండవదియే పెద్ద నష్టము.

ఇక ఆఫీసు ఉద్యోగుల సంగతి. సంవత్సరమునకు మూడువందల దినములు కుర్చీలో కూర్చుండి, ఫైళ్లు చూచి, ఏటికొకమారు వచ్చు క్రీడోత్సవమునాడు నూరు మీటర్ల పరుగునకు నిలుచువారు ప్రతి కార్యాలయమునను నలుగు రైదుగురు కనబడుదురు. నలువది యేండ్ల వయస్సులో, ఎట్టి అభ్యాసమును లేక, ఈల వినబడగనే ఇరువది యేండ్ల వానివలె దూకినచో పిక్క వెనుక ఎవరో రాతితో కొట్టినట్లు తోచును. వెనుకకు తిరిగి చూడగా ఎవరును ఉండరు. తెగినది మడమ వెనుకనుండు లావుపాటి నార, దానిని వైద్యులు టెండాను అందురు. తాడులాగు పందెములో నడుము పట్టివేయుటయు ఇట్టిదే. భార్యాబిడ్డల యెదుట గెలువవలెనను ఉత్సాహము తప్పుకాదు. దానికి కావలసిన కండ ఆరువారములముందే సిద్ధపడవలసి యుండెను, అంతియే.

ఆటనడుమ ఒకడు కూలబడగనే నిమిషములో గుంపు చేరును. ఆ గుంపులో ప్రతివాడును వైద్యుడే. ఒకడు పాదము పట్టి లాగుమనును, ఒకడు చమురు రాసి గట్టిగా రుద్దుమనును, మరియొకడు సున్నము పసుపు కలిపి పట్టు వేయుమనును. పెద్దలొకరు ముందుకు వచ్చి, “ఏమియు కాలేదు నాయనా, లేచి నాలుగడుగులు వేయుము” అందురు. చిత్రమేమనగా, ఈ సలహాలన్నిటిలోను శాస్త్రమునకు దగ్గరగా నున్నది ఈ చివరి మాటయే. కాని పెద్దలు దానిని చికిత్సగా చెప్పుదురు, శాస్త్రము దానిని పరీక్షగా చెప్పుచున్నది. కెనడా దేశమున ఒట్టావా నగర వైద్యులు 1992లో కొన్ని సూత్రములను ప్రకటించిరి. చీలమండ నొచ్చినవాడు దెబ్బతగిలిన వెంటనే గాని, ఆసుపత్రికి వచ్చిన పిదప గాని నాలుగడుగులు వేయలేకపోయినచో, లేక చీలమండకు ఇరుప్రక్కల పొడుచుకొనివచ్చు ఎముకల వెనుక అంచున, కొనయందు వ్రేలితో నొక్కినప్పుడు నొప్పి పుట్టినచో ఎక్స్‌రే తీయవలెను. పాదపు వెలుపలి అంచున చిటికెనవ్రేలి ఎముక మొదట నొప్పియున్నను అంతే. ఇవేవియు లేకున్నచో ఎముక విరుగుట చాల అరుదు గనుక ఎక్స్‌రే అక్కరలేదు. నడువలేనివానిని బలవంతముగా నడిపింపరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

బెణుకు అనగా నేమి? ఎముకను ఎముకతో బంధించు నారలు ప్రతి కీలునందును గలవు. వైద్యులు వీనిని లిగమెంటులందురు. పాదము లోపలికి మడతపడినప్పుడు చీలమండ వెలుపలి ప్రక్కనుండు నారలు సాగును, కొన్ని పోగులు తెగును. లోపల రక్తము చిమ్ముటచేత వాపు పుట్టును. ఆ మొదటి రెండుదినములలో కాపడము పెట్టుట, చమురుతో మర్దించుట రక్తస్రావమును హెచ్చించును. అమ్మమ్మల కాలమునుండి వచ్చిన కాపడము చెడ్డదికాదు, దానికి సమయము వేరు. వాపు తగ్గి, బిగువు మిగిలిన తరువాత అది హాయినిచ్చును. మొదటి దినములలో కావలసినవి కాలు గుండెకంటె ఎత్తున నుంచుట, మెత్తని సాగుకట్టు, నొప్పికి కొంచెము మంచు. జంగ్లీఘాట్‌లో మంచునకు కొదువ లేదు, చేపలపెట్టెలో వేయు గడ్డయే చాలును. అయితే దానిని గుడ్డలో చుట్టి పదిపదునైదు నిమిషములకు మించకుండ ఉంచవలెను. చర్మమునకు నేరుగా తగిలినచో చర్మము చెడును.

ఈ మంచుచికిత్సకు కూడ ఒక కథ గలదు. విశ్రాంతి, మంచు, కట్టు, ఎత్తు అను నాలుగింటిని కలిపి 1978లో గేబ్ మిర్కిన్ అను అమెరికా వైద్యుడు ఒక పుస్తకమున ప్రచారము చేసెను. ప్రపంచమంతయు దానిని వేదవాక్యముగా గైకొనెను. 2014లో ఆయనయే తన మాటను సవరించుకొనెను. మంచును అతిగా వాడుటయు, సంపూర్ణ విశ్రాంతియు మానుటను ఆలస్యము చేయవచ్చునని వ్రాసెను. తన పేరు దేశదేశములందు నిలిపిన సూత్రమును తానే సవరించుకొనిన వైద్యుడు గౌరవార్హుడు. నేటి వైద్యుల అభిప్రాయము ప్రకారము రెండు మూడు దినములు గడచిన పిమ్మట, నొప్పి సహించునంతమేరకు కాలిని కదల్చుటయే మేలు. నారలు లాగుడు తగిలినపుడే సరియైన దిక్కున అల్లుకొనును.

ఎముకయే విరిగినచో? తెలుగువాని నోట వెంటనే వచ్చుమాట “పుత్తూరు కట్టు”. తిరుపతికి చెన్నైకి నడుమ రైలుమార్గముమీదనున్న పుత్తూరు, చిత్తూరు జిల్లాలోనుండి 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. దాని సమీపగ్రామమున ఒక రాజుల కుటుంబము 1881 ప్రాంతమునుండి తరతరములుగా ఎముకలు కట్టుచున్నదని ప్రసిద్ధి. వేటకు పోయినవారు చంపిన కుందేటిని ఏదో ఆకులలో చుట్టి తెచ్చిరనియు, ఇంటికి వచ్చి విప్పగా విరిగిన ఎముకలు అతికి అది చెంగున దూకి పారిపోయెననియు, ఆ ఆకును వెదకి పట్టుటతో ఈ విద్య పుట్టెననియు కథ చెప్పుదురు. చచ్చిన కుందేలు పారిపోవుట నమ్మవలసిన పని లేదు. నమ్మవలసినది కట్టు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుదబ్బలు, గుడ్డపేలికలు దానికి సామగ్రి. తెల్లసొన ఎండి గట్టిపడును, వెదురు నిలుపును, గుడ్డ పట్టియుంచును. ఆంధ్రదేశమునుండియే గాక తమిళనాడునుండి, కన్నడదేశమునుండి జనము నేటికిని అచ్చటికి పోవుచున్నారు. ఎక్స్‌రే పటము చేతబట్టుకొని పోవువారును గలరు. ఆ పేరు ఎంత ప్రబలినదనగా, పుత్తూరుతో ఏ సంబంధమును లేనివారు సైతము ఊరూర “పుత్తూరు కట్టు” అని బోర్డులు కట్టిరి. అసలు నకళ్ల తగవు వైద్యములోనూ తప్పలేదు.

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. సుశ్రుతసంహితయందు భగ్నచికిత్సకు ప్రత్యేకాధ్యాయములు గలవు. కీలు తొలగుట ఆరు విధములనియు, ఎముక విరుగుట పండ్రెండు విధములనియు అందు విభజింపబడినది. మేడి, రావి, మోదుగ, మద్ది, వెదురు మొదలగువాని పట్టలను, దబ్బలను కట్టుకు వాడుమని చెప్పుటయేగాక, కట్టు మార్చుటకు చలికాలమున ఏడుదినములు, సమశీతోష్ణమున అయిదు, వేసవిని మూడు అని గడువు కూడ విధింపబడినది. కట్టు వదులైనచో ఎముక నిలువదు, అతిగా బిగిసినచో చర్మము వాచి పక్వమగును అని హెచ్చరిక గలదు. ఈ రెండవ హెచ్చరికను మరచిన నాటుకట్లవలన నేటికిని పిల్లల చేతులు పోవుచున్నవి. కట్టు కట్టిన పిమ్మట వ్రేళ్లు నీలవర్ణమగుట, చల్లబడుట, తిమ్మిరెక్కుట, వ్రేళ్లు చాచినపుడు భరింపరాని నొప్పి కలుగుట - వీనిలో ఏ ఒక్కటి కనిపించినను, కట్టినవాడు ఎంత ప్రసిద్ధుడైనను, అర్ధరాత్రియైనను కట్టు విప్పవలెను. తెల్లవారువరకు వేచియుండిన చేయి మరల రాకపోవచ్చును. ఇది ఆసుపత్రిలో వేసిన పిండికట్టుకు సైతము వర్తించును. అట్టిదానిని విప్పించుటకు రాత్రికి రాత్రియే ఆసుపత్రికి పోవలెను.

నాటుకట్టు ఎందుకు పనిచేయునో, ఎందుకు పనిచేయదో తెలిసికొనుట సులభము. ఎముకను అతికించువాడు వైద్యుడు కాడు, శరీరమే. రెండు మూడు వారములలో విరిగినచోట మెత్తని జిగురువంటి ఎముక ఏర్పడును, ఆరు మొదలు పండ్రెండు వారములలో గట్టిపడును. తునకలు సరియైన వరుసలో నిలిచినచో ఎవరు కట్టినను అతుకును. కావున చర్మము చీలని, ముక్కలు తొలగని సాధారణపు విరుగులందు నాటువైద్యుని యశస్సు నిలుచును. కీలులోపలి విరుగు, తొడ ఎముక మెడ విరుగు, పిల్లల మోచేతి విరుగు, ఎముక బయటికి పొడుచుకొనివచ్చిన గాయము - ఇవి ఆయన చేతిలోనివి కావు.

దీవులవారికి ఇందు మరియొక చిక్కు గలదు. పోర్ట్‌బ్లెయరు - 2024లో కేంద్రప్రభుత్వము శ్రీవిజయపురమని పేరు మార్చిన ఈ నగరము - చెన్నైకి సముద్రముమీద సుమారు 1,370 కిలోమీటర్ల దూరము. ఓడలో ఇంచుమించు మూడుదినములు పట్టును, అదియు ఓడ దొరికినప్పుడు. “రేపటి ఓడకు పుత్తూరు పోవుదము” అని విరిగిన కాలిని చీరపేలికతో చుట్టి వారము, పదిదినములు ఇంట నుంచుట ఇచ్చటి తెలుగు కుటుంబములకు క్రొత్తగాదు. ఆ పదిదినములలో ఎముక వంకరగా అతుక నారంభించును. ఆపిమ్మట దానిని సరిచేయవలెనన్న మరల విరువవలసివచ్చును. పుత్తూరు మీద భక్తిని ఎవరును విడువనక్కరలేదు. పుత్తూరుకంటె ముందు గోవింద వల్లభ పంత్ ఆసుపత్రిలో ఒక ఎక్స్‌రే తీయించుకొనుటకు ఆ భక్తి అడ్డురాదు గదా. జంగ్లీఘాట్‌నుండి అచ్చటికి ఆటోలో కొద్ది నిమిషముల దూరము.

నాటువైద్యులకును డాక్టర్లకును వైరము ఒక్క దేశమునదే కాదు. బ్రిటనులో వేల్సునకు చేరిన యాంగ్లిసీ అను దీవి గలదు. అచ్చట పదునెనిమిదవ శతాబ్దిమధ్యమున ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన బాలు నొకనిని ఆ దీవివారు పెంచిరి. ఎవాన్ తామస్ అని పేరుపెట్టబడిన ఆ బాలునకు ఎముకలు సవరించుట సహజముగా అబ్బినదట. సముద్రము ఇచ్చిన బిడ్డ గనుక, ఈ సభలోనివారికి ఆ కథ దగ్గరగా తోచును. తరతరములు ఆ కుటుంబమువారు ఎముకలు కట్టిరి, డాక్టర్లు వారిపై కోర్టులకు పోయిరి. ఆ బాధపడిన తండ్రి యొకడు తన కుమారునకు వైద్యకళాశాలలో చదువు చెప్పించెను. ఆ కుమారుడే హ్యూ ఓవెన్ తామస్ (1834-1891). తొడ ఎముక విరిగిన కాలిని నిటారుగా లాగి నిలుపు ఇనుపచట్రమును ఆయన కల్పించెను. ఆయన బ్రతికియుండగా దానిని మెచ్చినవారు కొలదిమంది. ఆయన శిష్యుడును, భార్యకు మేనల్లుడును అగు రాబర్ట్ జోన్సు మొదటి ప్రపంచయుద్ధమున దానిని సేనలకు ఇప్పించెను. తొడ ఎముక విరిగి గాయపడిన సైనికులలో అంతకుమున్ను నూటికి ఎనుబదిమంది మరణించుచుండగా, ఆ సంఖ్య ఇరువదికి లోబడెను. నాటువైద్యుని వంశమునుండియే ఆధునిక ఎముకల వైద్యము తన గొప్ప పరికరములలో నొకదానిని పొందినది. ఆ కాలముననే లండనులోని ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ పేజెట్ 1867లో తన విద్యార్థులకు ఎముకలవాండ్రు నయముచేయు రోగములను గూర్చి ఒక ఉపన్యాసము చేసెను. వారిని ఎగతాళి చేయుటకు బదులు వారిలోని మంచిని గ్రహించి చెడ్డను విడువుడని ఆయన బోధ. దశాబ్దములపాటు ఆటగాండ్ర మోకాళ్లు సవరించి పేరొందిన హెర్బర్ట్ బార్కరు అను డిగ్రీలేని వైద్యునకు 1922లో సర్ బిరుదమే లభించెను.

అమెరికాలో ఈ ధోరణి మరియొక దారి పట్టినది. అయోవా రాష్ట్రమున డావెన్‌పోర్టు అను ఊరిలో డానియల్ డేవిడ్ పామరు అను నాతడు చేతిస్పర్శతో అయస్కాంతచికిత్స చేయువాడు. 1895 సెప్టెంబరు 18వ తేదీన హార్వే లిల్లర్డు అను పనివాని వెన్నుపూస నొకదానిని ఒత్తి సవరించగా, అతనికి ఏండ్లుగా పోయిన వినికిడి తిరిగి వచ్చినదని ఆయన ప్రకటించెను. గ్రీకుభాషలో చేతిపని అను అర్థమిచ్చు మాటలను కూర్చి దీనికి కైరోప్రాక్టిక్ అని పేరిడిరి. 1897లో పాఠశాల వెలసెను. లైసెన్సు లేక వైద్యము చేసినందుకు 1906లో పామరు జైలుకు పోయెను. సర్వరోగములకు వెన్నుపూసల తొలగుటయే మూలమని ఆయన సిద్ధాంతము. ఆ సిద్ధాంతమును శాస్త్రము అంగీకరింపలేదు. చెవుడునకు నడుమునకు ముడిపెట్టుట ఎవరికైనను వింతయే. కాని చేతిపనియందు కొంత సారము లేకపోలేదు. 1980లో లేక్‌ప్లాసిడ్ శీతాకాలపు ఒలింపిక్ క్రీడలకు అమెరికా జట్టు తనవెంట అధికారికముగా ఒక కైరోప్రాక్టరును తీసికొనిపోయెను. ఆటగాండ్రు నమ్మినదానిని వైద్యులు పరీక్షింపక తప్పలేదు. 2017లో అమెరికా వైద్యుల కళాశాల క్రొత్తగా పట్టిన నడుమునొప్పికి మందులకుముందు చేయదగిన వానిలో వెన్నుపూసల సవరణను కూడ చేర్చెను. వేడి, మర్దనము మొదలగువాని వరుసలోనే అదియు నున్నది. అనగా దానివలన లాభము గలదు, అది కొంచెము. పట్టివేసిన నడుము నాలుగువారములలో తనంతట తానే సర్దుకొనుట కూడ తరచు గనుక ఎవరి చేతి మహిమ ఎంతయో తేల్చుట కష్టము.

తెలుగు పల్లెలలో ఇట్టి సవరణ లేకుండెనా? నడుము పట్టినవానిని బోర్లపరుండబెట్టి, ఎదురుకాళ్లతో పుట్టినవానిచేత మెల్లగా త్రొక్కించుట పెద్దలందరును ఎరిగినదే. డావెన్‌పోర్టునకు పోనక్కరలేదు. ఎదురుకాళ్లతో పుట్టుటలో మహత్తు లేకపోవచ్చును. అదుము పడినపుడు బిగిసిన కండరము సడలుటలో కొంత నిజము గలదు.

సవరించునపుడు “టప్పు”మను శబ్దము వినబడును. ఎముక చోటునకు వచ్చినదని రోగి సంతోషించును. అది ఎముక శబ్దము కాదు. కీలులోపల నూనెవంటి ద్రవము గలదు. కీలు హఠాత్తుగా విడివడినపుడు ఆ ద్రవమున వాయువుతో కూడిన ఖాళీ ఏర్పడును. 2015లో కెనడా పరిశోధకులు వ్రేలిని లాగుచు ఆ దృశ్యమును ఎమ్మారై యంత్రమున పట్టిరి. మెటికలు విరుచుటయు ఇదియే. మెటికలు విరిచినచో కీళ్లవాతము వచ్చునని తల్లులు గద్దింతురు. డొనాల్డ్ అంగరు అను అమెరికా వైద్యుడు తన తల్లిమాట పరీక్షింపగోరి, ఏబది యేండ్లకు పైగా ఒక్క ఎడమచేతి మెటికలనే విరిచి, రెండుచేతులకును భేదము లేదని 1998లో ప్రకటించెను. దానికి 2009లో నవ్వుపుట్టించు పరిశోధనల కిచ్చు బహుమానమును పొందెను. అంత ఓర్పు గలవాడు ఆ బహుమానమునకు అర్హుడే.

నవ్వదగని విషయ మొకటి మిగిలినది, అది మెడ. క్షౌరము ముగిసిన పిమ్మట తల రెండుప్రక్కలకు విసురుగా త్రిప్పి టక్కుమనిపించుట చాలచోట్ల అలవాటు. మెదడునకు రక్తమును కొనిపోవు రెండు నాళములు మెడపూసల రంధ్రములలోనుండి పోవును. విసురుగా త్రిప్పినపుడు ఆ నాళపు లోపలి పొర చీలి, రక్తము గడ్డకట్టి, పక్షవాతము వచ్చిన సంఘటనలు వైద్యగ్రంథములందు గలవు. అవి అరుదు. అరుదైనను, అయిదు నిమిషముల హాయికి చెల్లించు వెల అంత పెద్దది కారాదు. మంగలియైనను, మిత్రుడైనను, పట్టా గలిగిన కైరోప్రాక్టరే యైనను మెడను విసురుగా త్రిప్పనీయకుండుట బుద్ధిమంతుల పని. నడుము విషయములోను, కాలు తిమ్మిరెక్కి బలము తగ్గినను, మూత్రము బిగిసినను, కూర్చుండుచోట స్పర్శ తెలియకున్నను ఏ సవరణయు పనికిరాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.

కైరోప్రాక్టరు చదువునకు నాలుగేండ్లలో 4,200 గంటలకు తక్కువగాని శిక్షణ యుండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2005లో సూచించినది. పదిదినముల తరగతికి పోయి బోర్డు కట్టినవాడు ఆ లెక్కలోనికి రాడు. భారతదేశమున క్రీడాగాయములకు చేతితో చికిత్స చేయుటయు, వ్యాయామములు నేర్పుటయు ముఖ్యముగా ఫిజియోథెరపిస్టుల పని. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టమున వారికి స్థానమేర్పడినది. శాస్త్రము పెక్కు సంవత్సరముల పరీక్షలలో తేల్చినది కూడ ఇదియే. పడుకొని చేయించుకొను చికిత్సకంటె లేచి తానై చేయు వ్యాయామమే క్రీడాకారుని మరల మైదానమునకు చేర్చును.

దీనికి తెలుగువారి యింటనే గొప్ప నిదర్శనము గలదు. ప్రకాశం జిల్లాలో జన్మించిన పుల్లెల గోపీచంద్ 1994లో, ఇరువదియొక్క యేండ్లైనను నిండీనిండని వయస్సున, పుణె జాతీయక్రీడలలో జంటలాట ఆడుచు భాగస్వామితో ఢీకొని పడెను. ఎడమ మోకాలిలో ముందుభాగపు లిగమెంటు తెగెను. మోకాలిని ముందుకు జారకుండ పట్టియుంచు నార అది. తెగినది తనంతట అతుకుట అరుదు. ఆ కాలమున ఆ గాయము తగిలిన ఆటగాని ఆట ముగిసినట్లే అని చెప్పుకొనెడివారు. శస్త్రచికిత్స జరిగెను, ఆపైని మరికొన్నియు జరిగెను. ఆయన నెలలతరబడి తొడకండను మొదటినుండి కట్టుకొనివచ్చెను. 1996లో జాతీయ విజేత అయ్యెను, 2000 వరకు వరుసగా అయిదుమారులు ఆ బిరుదమును నిలుపుకొనెను. 2001 మార్చి 11వ తేదీన బర్మింగ్‌హాములో చైనా క్రీడాకారుడు చెన్ హాంగును 15-12, 15-6 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండు కిరీటమును గెలిచెను. 1980లో ప్రకాశ్ పడుకొనె గెలిచిన పిమ్మట ఆ గెలుపు మరియొక భారతీయునకు దక్కుటకు ఇరువదియొక్క యేండ్లు పట్టెను.

అందరు గెలుపును చెప్పుకొందురు. గాయమునకును గెలుపునకును నడుమ ఏడేండ్లు గడచినవని చెప్పుకొనువారు తక్కువ. పత్రికలవారికి శస్త్రచికిత్స వార్త, పతకము వార్త. మధ్య ప్రతిదినము ప్రాతఃకాలమున ఒక కాలిమీద కూర్చుండి లేచుట వార్త కాదు. ఆయన శిష్యురాలైన పి.వి. సింధు 2022 ఆగస్టులో కామన్‌వెల్తు క్రీడలలో స్వర్ణపతకము గెలిచినది ఎడమ చీలమండ ఎముకలో సన్నని పగులుతో. ఆ పగులువలన ఆ నెలయందే జరిగిన ప్రపంచపోటీని విడువవలసివచ్చెను. 2023 జనవరిలో తిరిగి వచ్చినపుడు మొదటి ఆటలలోనే ఓడెను. ఎముక అతికిన దినమున ఆటగాడు సిద్ధుడు కాడు. అతికిన తరువాత ఇంకొక పని మిగిలియుండును.

ఆ పనిని సరిగా చేయనివారే మరల మరల గాయపడుదురు. మోకాలి లిగమెంటు శస్త్రచికిత్స జరిగినవాడు తొమ్మిదినెలలకు లోపల పోటీలో దిగినచో మరల తెగు ప్రమాదము ఎంతయో హెచ్చు. చీలమండ బెణుకునకు ఇంత కాలము పట్టదు, కాని అందును ఒక రహస్యము గలదు. కీలు ఏ దిక్కున వంగినదో మెదడునకు తెలుపు సూక్ష్మనాడులు ఆ నారలలోనే గలవు. నారతోపాటు అవియు దెబ్బతినును. నొప్పి పోవును, వాపు పోవును, కాలు మాత్రము గ్రుడ్డిదగును. ఒకమారు బెణికిన కాలు మరల మరల అచ్చటనే బెణుకుటకు ఇదియే కారణము. “ఆ కాలికి గ్రహచారము బాగులేదు” అని తాయెత్తు కట్టువారికి ఈ సంగతి తెలియదు.

దీవుల బిడ్డలే ఓర్పునకు సాక్షులుగా నున్నారు. 2004 డిసెంబరు సునామీలో తొమ్మిదేండ్ల బాలికగా చెట్టును పట్టుకొని ప్రాణము నిలుపుకొనిన నికోబారు బిడ్డ డెబొరా హెరాల్డ్ సైకిలుపందెములలో దేశమునకు ప్రాతినిధ్యము వహించెను. అదే నికోబారుకు చెందిన ఈసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండులో జరిగిన ప్రపంచ జూనియర్ ట్రాకు సైకిలుపోటీలలో రజతపతకము గెలిచెను. గంటలకొలది నడుము వంచి త్రొక్కు సైకిలుదారునకు వెన్ను, మోకాళ్లు రెండును పరీక్షకు నిలుచును. వారి వెనుక శిక్షకులు, ఫిజియోథెరపిస్టులు ఉందురు. జంగ్లీఘాట్ మైదానమున ఆడు బాలునకు ఆ సదుపాయము లేదు. అతనికి ఉన్నది ఇల్లు, తల్లిదండ్రులు, క్వార్టర్సు మెట్లు.

ఆ మెట్లు చాలును. బెణుకు తగిలిన వారము పదిదినములకు, నొప్పి లేకుండ నడువగలిగిన పిమ్మట, గోడప్రక్కన నిలిచి గాయపడిన కాలిమీద ఒంటరిగా ముప్పది లెక్కపెట్టువరకు నిలువవలెను. కుదిరినచో కన్నులు మూసికొని నిలువవలెను. మొదట ఊగిపోవుదురు, అది సహజము. ఆపిమ్మట మెట్టు అంచున మునివ్రేళ్లమీద నిలిచి మడమను మెల్లగా క్రిందికి దించి మరల పైకెత్తవలెను. మొదట రెండుకాళ్లతోను, తరువాత ఒక్కకాలితోను, దినమునకు రెండుమారులు పదునైదేసి. మరుసటి ఉదయమున నొప్పి హెచ్చినచో ఆ దినము తగ్గింపవలెను. రెండుకాళ్లతోను సమముగా ఎత్తగలిగిన తరువాత ఒక్కకాలితో గెంతి చూడవలెను. గాయపడిన కాలి గెంతు మంచికాలి గెంతులో పదింట తొమ్మిదిపాళ్లు దూరము పోయినపుడు పరుగు, దిక్కు మార్చి పరుగు, ఆపిమ్మట బంతి. తండ్రి మడమతోపాటు తానును మెట్టుమీద ఎత్తి దించినచో రానున్న క్రీడోత్సవమున నూరు మీటర్ల పరుగు ఆయన పిక్కకును క్షేమము. ఆరువారములముందు మొదలుపెట్టినచో చాలును, పది నిమిషములు చాలును, ఆఫీసు బస్సు వచ్చులోపల ముగియును.